వదిలిపెట్టే చోటు

హోసియా టిడ్‌వెల్ చెయ్యి స్టీరింగు మీద పడితే బండి పరుగెత్తాల్సిందే. అమెరికాలో లూసియానా ఉత్తర భాగాన, పైన్ అడవుల నడుమ, హోమర్ అనే చిన్న ఊళ్లో అతను సగం జీవితం ఆంబులెన్సు తోలాడు. పాము కరిచినవాళ్లనీ, రంపపు మిల్లులో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లనీ, నొప్పులు పడుతున్న ఆడవాళ్లనీ గుంతల రోడ్ల మీద ఎగరేసుకుంటూ ఆసుపత్రికి చేర్చాడు. ఇద్దరు పిల్లలు అతని బండిలోనే భూమ్మీద పడ్డారు. వాళ్లలో ఒకడికి తల్లిదండ్రులు హోసియా అనే పేరు పెట్టుకున్నారు కూడా. అలాంటివాడికి భార్య పోయింది, ఆ మరుసటేడు ఊళ్లో ఆసుపత్రీ మూతపడింది. ఇక అక్కడ ఉండి చేసేదేముందని న్యూ ఆర్లీన్స్ చేరితే, దొరికింది శవాల బండి. బతికున్నవాళ్లను పరుగులు పెట్టించినవాడికి చచ్చినవాళ్లను నిదానంగా తిప్పే పని. దేవుడికి వేళాకోళం తెలియదని ఎవరన్నారో గాని, వాళ్లకు హోసియా సంగతి తెలియదు.

ఉద్యోగం ఇచ్చింది యూలలీ రిడో గారు. ట్రెమే పేటలో ఎవరు పోయినా ఆవిడ చేతుల మీదుగా సాగిపోవాల్సిందే. డెబ్బై దాటిన మనిషి, ఆగస్టు ఎండలో కూడా లేసు చేతితొడుగులు తియ్యదు. ఆవిడ అడిగినవి మూడే ప్రశ్నలు.

"తాగుతావా?"

"లేదండి."

"పాడతావా?"

"చర్చిలోనేనండి."

"ఏడుస్తావా?"

"ఎందుకండీ?"

"మా డ్రైవర్లు ఏడవకూడదు. కళ్లలో నీళ్లుంటే రోడ్డు కనపడదు. శనివారం రా."

ఉండటానికి ఇంత చోటు కూడా ఆవిడే చూపించింది. నూమా డెక్వీర్ ఇంట్లో వెనక గది. నూమా ఒకప్పుడు సున్నపు మేస్త్రీ. పాత ఇళ్ల లోకప్పుల మీద పూలూ లతలూ తీర్చినవాడు. ఇప్పుడు చేతులు వణుకుతున్నా కాళ్లు మాత్రం ఇంకా రాజా కాళ్లే. ఆ పేటలో శవయాత్ర జరిగితే బ్యాండుకు ముందు నడిచేది ఆయనే. నల్ల టోపీ, తెల్ల చేతితొడుగులు, భుజం మీంచి నడుముకు వాలిన పట్టు పట్టీ. మార్షల్ అంటారు ఆ నడిచే పెద్దను. ఆయన మేనకోడలు ఒనెల్ల చేపల కొట్లో పని చేస్తుంది, శనాదివారాలు బ్యాండులో చిన్న డ్రమ్ము వాయిస్తుంది. నోరు మాత్రం వారమంతా వాయిస్తూనే ఉంటుంది.

"వచ్చావా బంగారం? మూట అక్కడ పెట్టి కాళ్లు కడుక్కో. మామయ్యా, నీ హోమర్ ఆయన వచ్చాడు!" అంది మొదటి రోజునే.

హోసియా చెవులదాకా ఎర్రబడ్డాడు. ఈ ఊళ్లో ఆడవాళ్లు పోస్టుమ్యాన్నీ, బస్సు డ్రైవర్నీ, చివరికి టిక్కెట్టు రాసే పోలీసునీ బంగారం అనే పిలుస్తారని తెలియడానికి అతనికి వారం పట్టింది. తెలిశాక కొంచెం దిగులు కూడా పడ్డాడు.

మొదటి శనివారం పోయినాయన అల్సీడ్ పికూ. వంటవాడు, భోగి మనిషి. బయల్దేరే ముందు రిడో గారు చెప్పింది ఇంతే. "చర్చి దగ్గర్నుంచి బ్యాండు వెనకాల మెల్లిగా పోనీ. క్లేబోర్న్ వంతెన కింద మలుపు దగ్గర దేహాన్ని వదిలేస్తారు. ఆ తరవాత సంగతి నీకు తెలిసిందేగా."

హోసియాకు ఏమీ తెలియదు. కానీ కొత్త ఉద్యోగంలో మొదటి రోజు ఆ మాట ఒప్పుకునేదెవరు? తల ఊపాడు. ఊపాడే గాని ఆ మాట చెప్పులో రాయిలా నొక్కుతూనే ఉంది. వదిలేయడమేమిటి? నడిరోడ్డు మీదా? హోమర్‌లో చచ్చిన కుక్కని కూడా రోడ్డు మీద వదిలెయ్యరు. పట్నం వాళ్ల పద్ధతులు ఎలా ఉంటాయో ఏమో, ఎవరైనా వచ్చి ఎత్తుకుపోతారు కాబోలని సరిపెట్టుకున్నాడు.

అప్పుడు బ్యాండు మొదలైంది.

వాళ్లు ఎత్తుకున్నది హోసియాకు తెలిసిన కీర్తనే. వాళ్లమ్మ బట్టలుతుకుతూ పాడేది. కానీ తన ఊళ్లో ఆ పాటకు ఎముకలు మాత్రమే ఉండేవని అతనికి ఆ ఉదయం తెలిసింది. ఇక్కడ దానికి కండా, ఊపిరీ వచ్చాయి. ట్రంపెట్టు మాట చెబుతోంది. ట్రాంబోను ఆ మాటకు ఊఁ కొడుతోంది. క్లారినెట్టు మాత్రం వీళ్లెవరితోనూ సంబంధం లేనట్టు, పైన మిద్దె మీద ఒక్కతే కూర్చుని ఏడుస్తున్న ఆడపడుచులా, వేరే దారిన పోతోంది. ఒనెల్ల తన డ్రమ్ము కింది తీగలకూ తోలుకూ మధ్య చేతిరుమాలు దోపింది. దాంతో డ్రమ్ము గలగలమనకుండా గుండెలో మాటలా మూలుగుతోంది. అందరికీ ముందు నూమా. టోపీ తీసి గుండెకు ఆనించుకుని, ఒక అడుగు వేసి, రెండోదాన్ని దాని పక్కకు ఈడ్చి, ఆగి, మళ్లీ ఒక అడుగు.

ఇవన్నీ వింటూ హోసియా బ్రేకు సంగతి మరిచిపోయాడు. బండి ముందుకు జరిగి, పెద్ద డ్రమ్ము మోసే ఆయన పిక్కలకు తగిలింది.

"ఏవయ్యోయ్! నేనింకా చావలేదు!" అని అరిచాడాయన, దరువు మాత్రం తప్పకుండా.

ఎలాగో మలుపు చేరారు. వంతెన నీడలో బ్యాండు నిట్టనిలువునా రెండుగా చీలి, దారికి అటొక వరసా ఇటొక వరసా నిలబడింది. టోపీలన్నీ దిగాయి. నూమా వెనక్కి తిరిగి, బండికి ఎదురుగా నడుం వంచి, చెయ్యి చాచాడు. ఒనెల్ల డ్రమ్ము కింద నుంచి చేతిరుమాలు లాగేసి, పుల్లలు గాల్లోకి ఎత్తింది. ఊరంతా ఊపిరి బిగబట్టింది.

ఇదే కాబోలు ఆ వదిలేయడం, అనుకున్నాడు హోసియా. ఇంజను ఆపాడు. దిగాడు. కోటు సర్దుకుని వెనక్కి వెళ్లి, తలుపు తెరిచి, శవపేటిక పిడి పట్టుకుని బయటికి లాగాడు.

ఎవరూ కదల్లేదు. ఒనెల్ల పుల్లలు గాల్లోనే ఉన్నాయి. చివరికి నోరు తెరిచింది పోయినాయన భార్య క్లోటిల్డ్.

"ఏంటయ్యా ఇది? మా ఆయన్ని ఇక్కడ దింపేస్తావా? ఈ బార్బరు షాపు ముందరా? జన్మలో ఈ షాపాయన చేత గడ్డం గీయించుకోలేదు ఆయన!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వంతెన స్తంభాలకు తగిలి పెద్దదై తిరిగొచ్చింది. నూమా ఒక్కడే నవ్వలేదు. మర్యాద ఏమాత్రం సడలకుండా, అదే ఈడ్పు నడకతో బండి చుట్టూ వచ్చి, హోసియా చెవిలో చెప్పాడు.

"తమ్ముడూ, లోపలికి నెట్టు. తలుపు మూసెయ్. బండెక్కి వెళ్లిపో."

"మరి వదిలేస్తారన్నారు?"

"వదిలేది మేమయ్యా, నువ్వు కాదు. మేం ఇక్కడ ఆగిపోతాం. ఆయన వెళ్లిపోతాడు. వదలడం అంటే అదీ. పో నాయనా పో, పిల్ల చేతులు పడిపోతున్నాయి."

తల దించుకుని హోసియా ఆ రెండు వరసల మధ్య నుంచి బండి పోనిచ్చాడు. చివరి మనిషిని దాటాడో లేదో వెనక డ్రమ్ము పేలింది. అడ్డు తీసేసిన డ్రమ్ము, గలగలా గరగరా వడగళ్ల వానలా! దాని మీద ట్రంపెట్టు విరగబడి నవ్వింది. అద్దంలో చూస్తే గొడుగులు లేస్తున్నాయి, రుమాళ్లు తిరుగుతున్నాయి, ఇందాక ఏడ్చిన క్లోటిల్డ్ తుంటి మీద చెయ్యేసుకుని అడుగులేస్తోంది. సిగ్గులేని జనం, అనుకున్నాడు హోసియా కోపంగా. అలా అనుకుంటుండగానే ఎడమ కాలు తన మాట వినకుండా తాళం వేస్తోందని గమనించాడు. అంతలో బండి మలుపు తిరిగింది. ఎవరో తలుపు మూసినట్టు పాట ఆగిపోయింది.

ఉద్యోగం పోతుందనుకున్నాడు. రిడో గారు చాలాసేపు అతని మొహం చూసి, "తప్పు నాది. కొత్తవాడికి మా భాషలో చెప్పాను," అని ఊరుకుంది. ఊరు మాత్రం ఊరుకోలేదు. ఆ నెలంతా అతను ఏ సందులో కనపడినా పిల్లలు తమ ఆట బళ్ల నుంచి ఏదో ఒకటి దింపేవాళ్లు.

సోమవారం నూమా వంటింట్లో ఎర్ర బీన్సూ అన్నం తింటూ హోసియా కడుపులో మాట కక్కేశాడు.

"నూమా అన్నా, కోప్పడకు. మీ వాళ్లకి సిగ్గులేదా? బండి కదిలీ కదలగానే ఆ గంతులేంటి?"

నూమా చెంచా కింద పెట్టాడు. "దేవుడి దయవల్ల లేదు. చూడు తమ్ముడూ, ఏడుపు పోయినాయన కోసం. గంతులు మన కోసం. ఆయనతో పాటు మనం పోలేదు కదా, దానికి. ఇల్లు చేరాలి, పొయ్యి వెలిగించాలి. ఏడ్చుకుంటూ వెళ్లినవాడు ఏడ్చుకుంటూనే తిరిగొస్తే ఆ పొయ్యి ఎవడు వెలిగిస్తాడు?"

"మామయ్య ఇవాళ బైబిలు మాట్లాడుతున్నాడు," అంది ఒనెల్ల. "ఆ మిరపకాయ పులుసు ఇటివ్వు బంగారం."

మర్నాటి నుంచి పాఠాలు మొదలయ్యాయి. ఖాళీ శవాల బండిని ఇంటి వెనక సందులోకి తెచ్చేవాడు హోసియా. నూమా ముందు నడిచేవాడు. ఒనెల్ల మెట్ల మీద కూర్చుని సున్నం డబ్బా మీద దరువేసేది. బండి దానంతటదే దొర్లితే నూమా నడక కంటే వడి ఎక్కువ. బ్రేకు తొక్కితే కుదుపు. రెండిటికీ నడుమ, ఎడమ మడమ కింద ఎక్కడో, ఆ పాట వేగం దాక్కుని ఉంది.

"ఆంబులెన్సు కాదయ్యా ఇది! లోపలాయనకి తొందరేం లేదు!" అనేవాడు నూమా. "దొర్లించకు. నడిపించు. నేను ఆగినప్పుడు ఆగకు, ఆగబోయినట్టు ఉండు."

"ఆగబోయినట్టు ఉండటం అంటే ఏంటన్నా?"

"మీ ఆవిడ పిలిస్తే నువ్వు లేచేవాడివే, అలాగ."

హోసియా నవ్వాడు. ఆ రోజు బండి నడిచింది.

ఏడాది తిరిగేసరికి ట్రెమేలో హోసియా బండి నడక అంటే ఒక పేరు. అంత పెద్ద నల్లటి బండీ నూమా వెనకాల దరువుకు దరువు ఊగుతూ వస్తుంటే, జనం అరుగుల మీంచి లేచి నిలబడి మెచ్చుకునేవారు. ముసలమ్మలు చర్చి బయట అతని బుగ్గ గిల్లి, "నన్ను నువ్వే తీసుకెళ్లాలి బంగారం, ఇంకెవరు వచ్చినా నేను లేచి నడిచిపోతాను," అని మాట తీసుకునేవారు. ఏ ఇంట్లో ఎవరు పోయినా రిడో గారికి ఫోను చేసి మొదట అడిగే ప్రశ్న, హోసియా ఖాళీయేనా అని.

ఆ మెప్పే అతని కొంప ముంచింది.

ఎందుకంటే ఆ పాటికి అతనికి పాట పిచ్చి ఎక్కింది. మెల్లగా సాగే మొదటి సగం అతనికి కంఠతా వచ్చు. ఏ క్లారినెట్టు ఆయన ఎక్కడ వంగి ఎక్కడ లేస్తాడో కూడా తెలుసు. బండి దాటాక మొదలయ్యే రెండో సగం మాత్రం మొదటి ముక్క వరకే. బండి అద్దాలు దించుకుని, చెవి బయటపెట్టి, మలుపు దాకా పట్టుకోగలిగినంత పట్టుకునేవాడు. ట్రంపెట్టు ఒక మాట మొదలుపెట్టేది. ఆ మాట పూర్తయ్యేలోపు మలుపు వచ్చేసేది. పోయినవాళ్లతో పాటు ప్రతిసారీ ఊరి చివరికి వెళ్లేది తను. వెనక్కి తిరిగి ఇంటికి నడిచేది మిగతా ఊరు.

"ఆదివారాలు పేట క్లబ్బులవాళ్ల సంబరాల ఊరేగింపు ఉంటుందిగా, అక్కడికి పో. అదే బ్యాండు, అవే పాటలు," అంది ఒనెల్ల.

పోయాడు. చర్చి కోటుతోనే, రోడ్డు నడుమ గడ్డి మీద నిలబడ్డాడు. ఈకల విసనకర్రలూ, లేత నారింజ రంగు సూట్లూ, వేడి వేడి సాసేజి రొట్టెలూ, అంతా తుళ్లిపడుతోంది. ఒనెల్ల వాయిస్తూ వాయిస్తూనే అతని వైపు కన్ను గీటింది. పాట బాగుంది. చాలా బాగుంది. కానీ కాళ్లు కదల్లేదు. బండిలో అంతగా తాళం వేసే ఎడమ కాలు కూడా మొండికేసింది.

"ఆకలి లేకుండా విస్తరి ముందు కూర్చున్నావయ్యా," అన్నాడు నూమా సాయంత్రం. "మెల్లని సగం నడిచి ఉండాలి. అప్పుడు గాని రెండో సగం కాళ్లలోకి దిగదు."

ఆ తరవాత ఒక శనివారం రిటైరైన పోస్టుమ్యాను ఒకాయన్ని వంతెన దగ్గర వదిలారు. హోసియా వరసల మధ్య నుంచి బండి తీసుకెళ్లాడు, మలుపు తిరిగాడు, తలుపు మూసినట్టు పాట ఆగింది. ఏ బుద్ధి పుట్టిందో, శ్మశానం వైపు తిప్పాల్సిన బండిని పక్క వీధిలోకి తిప్పాడు. అక్కడి నుంచి ఇంకో వీధి. సందు చివర వంతెన కింద బ్యాండు వెళ్తూ కనపడింది. పాట ఉరుములా సందులోకి దూసుకొచ్చింది. ఆగు అన్న బోర్డు దగ్గర ఆగి, ఎటూ ఏ బండీ రాకపోయినా ఆగే ఉన్నాడు. వెనక ఆ ఇంటివాళ్ల కార్లు రెండు, ఎందుకు తిరుగుతున్నామో తెలియక, అతని వెనకే తిరిగి అతని వెనకే ఆగాయి. చివరి కారులోంచి ఎవరో హారను కొట్టేదాకా హోసియాకు స్పృహ లేదు.

శ్మశానం గేటు దగ్గర రిడో గారు నిలబడి ఉంది.

"హోసియా, పోస్టుమ్యాను వెళ్లిన వైపే మళ్లీ వెనక్కొచ్చాడట. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఆయన ఎప్పుడూ అలా చెయ్యలేదు."

హోసియా నేల చూశాడు.

"ఇంకోసారి ఇలా జరిగితే ఈ బండి తాళం నీ దగ్గర ఉండదు."

"అమ్మగారూ, ఒక్కసారి, ఒక్క శనివారం మీ మేనల్లుడి చేత తోలించండి. నేను బ్యాండు వెనక నడుస్తాను."

"మా మేనల్లుడా? వాడు బ్రేకు వేస్తే శవం లేచి కూర్చుంటుంది. జనం నిన్నడుగుతున్నారు, నేనేం చెయ్యను?" అని ఆవిడ చేతితొడుగులు సర్దుకుని వెళ్లిపోయింది.

ఈ కథ విని నూమా దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆ మధ్య ఆయనకు నవ్వు వస్తే దగ్గు కూడా వెంట వస్తోంది. నవ్వు ఆగాక అడిగాడు.

"అంత ఉందా నీకు, ఆ రెండో సగం మీద?"

హోసియా చికోరీ కాఫీ కప్పు చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు.

"మా ఓలా మే పోయినప్పుడు మా ఊళ్లో ఇవేం లేవన్నా. పాదిరిగారు మంచి మాటలు చెప్పారు. ఆర్గను వాయించారు. మట్టేశారు. నేను ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఇంక లేవమని నాకెవరూ చెప్పలేదు. ఆసుపత్రి నుంచి కబురొస్తే బండి తోలడం, వచ్చి మళ్లీ ఆ కుర్చీలో కూర్చోవడం. మీరు వంతెన కింద డ్రమ్ము కింద రుమాలు తీసేస్తారే, నాకది ఎవరూ తియ్యలేదు."

నూమా లేచి, హోసియా కప్పులో ఇంకాస్త కాఫీ పోశాడు. వణికే చేత్తో పోసినందుకు సగం సాసరులో పడింది.

చలికాలం వచ్చేసరికి నూమా మంచం పట్టాడు. మంచంలో కూడా దర్జా తగ్గలేదు. పరామర్శకు వచ్చినవాళ్లకు తన శవయాత్ర ఎలా జరగాలో పురమాయించేవాడు. ఎవరు ఏ టోపీ పెట్టుకోవాలి, క్లారినెట్టు ఆయన ముందు రోజు ఏమీ తాగకుండా ఎవరు కాపలా కాయాలి, అన్నీ. రిడో గారిని పిలిపించుకుని, తలుపేసుకుని చాలాసేపు మాట్లాడాడు. ఆవిడ బయటికొస్తూ, "ముసలి వెధవ," అని ముద్దుగా గొణుక్కోవడం ఒనెల్ల విన్నది.

హోసియాను కూడా పిలిచాడు.

"నన్ను నువ్వే తీసుకెళ్లాలి తమ్ముడూ. చర్చి దగ్గర్నుంచి."

"అడగాలా అన్నా?"

"వదిలే చోటిదాకా. బాగా నడిపించు. కుదిపావంటే లేచి వచ్చి తంతాను."

ఇన్నాళ్లు బండి ముందు నడిచిన మనిషిని ఇక వెనక పెట్టుకుని తోలాలనే దుఃఖంలో, ఆ మాటలో ఏదో మిగిలిపోయిందని హోసియా గమనించలేదు.

నూమా పోయిన వారం ట్రెమేలో గడ్డం గీసుకోని మగవాడు లేడు, ఇస్త్రీ చెయ్యని చొక్కా లేదు. శనివారం చర్చి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. బ్యాండుకు ముందు ఎవరు నడవాలని మాటొచ్చినప్పుడు ఒనెల్ల ఎవర్నీ నడవనివ్వలేదు.

"ముందు చోటు ఖాళీగానే ఉంటుంది. ఇవాళ మార్షల్ బండిలో ఉన్నాడు," అంది.

ఆ ఖాళీ చోటు వెనకాల బ్యాండు కదిలింది. బ్యాండు వెనక హోసియా. ఆ రోజు అతను తోలినట్టు మళ్లీ ఎవరూ తోలలేదని ఆ పేటలో ఇప్పటికీ చెప్పుకుంటారు. బండి ఒక అడుగు వేసింది, రెండోదాన్ని పక్కకు ఈడ్చింది, ఆగబోయినట్టు ఉండింది. క్లారినెట్టు ఆయన చుక్క ముట్టలేదు, చుక్కలు చూపించాడు. అరుగుల మీద జనం నూమా పేరు పెట్టి ఏడుస్తుంటే, హోసియా కళ్లు మాత్రం పొడిగా రోడ్డు మీదే ఉన్నాయి. డ్రైవరు ఏడవకూడదు.

వంతెన కింద మలుపు వచ్చింది. బ్యాండు రెండుగా చీలింది. టోపీలు దిగాయి. ఒనెల్ల రుమాలు లాగేసింది. హోసియా అద్దం దించుకుని, చెవి బయటపెట్టి, కాలు బ్రేకు మీంచి తియ్యబోయాడు. ఒనెల్ల పుల్లలు ఎత్తి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

వెనక కారులోంచి రిడో గారు దిగింది. లేసు చేతితొడుగులతో, చిన్న చిన్న అడుగులేసుకుంటూ వచ్చి, బండి తలుపు మీద వేలితో కొట్టింది.

"దిగు."

"దిగనండి."

"దిగమంటున్నానా?"

"అమ్మగారూ, ఒకసారి ఇక్కడే దిగాను. ఊరు ఇంకా మరిచిపోలేదు. మళ్లీ చచ్చినా దిగను."

జనంలో నవ్వు లేచింది. ఒనెల్ల నవ్వుతూ ఏడుస్తూ కేకేసింది.

"బంగారం, మామయ్య చెప్పిపోయాడు. ఇవాళ వదలాల్సింది ఇద్దర్నట. ఆయన్ని అటు, నిన్ను ఇటు. దిగు, నా చేతులు పడిపోతున్నాయి."

హోసియాకు అప్పుడు తెలిసింది, ఆ ముసలాయన చెప్పకుండా మిగిల్చిందేమిటో. తలుపు తెరుచుకుని దిగాడు. రిడో గారు స్కర్టు సర్దుకుని అతని సీట్లో కూర్చుంది.

"వయసులో ఉన్నప్పుడు నూమా వాళ్ల నాన్న కారు తెచ్చుకుని, ఎక్కమని నా వెంట తెగ తిరిగాడు. ఎక్కలేదు," అంది సీటు ముందుకు జరుపుకుంటూ. "చివరికి వాడే నా కారెక్కాడు. ఈ బండి తోలడం నీకు నేర్పిందెవరనుకున్నావు, నూమానా? వాడికి నేర్పింది నేను." చేతితొడుగు వేలితో కంటి కొన తుడుచుకుంది.

"మన డ్రైవర్లు ఏడవకూడదండి," అన్నాడు హోసియా.

"ఎవరేడ్చారు? పక్కకి తప్పుకో."

బండి కదిలింది. ఇన్నాళ్లలో ఎన్నడూ దాని వెనక భాగం వెళ్లిపోతుంటే చూడలేదు హోసియా. చూస్తూ ఉండిపోయాడు. మలుపు దగ్గర రిడో గారు బ్రేకు గట్టిగా తొక్కింది, బండి తూలింది, తరవాత నూమా డెక్వీర్ వెళ్లిపోయాడు.

డ్రమ్ము పేలింది.

ట్రంపెట్టు తన మాట మొదలుపెట్టింది. హోసియాకు తెలిసిన కాస్త మేరా గడిచింది. మలుపు వచ్చే వేళయింది, ఇక తలుపు మూసుకుంటుందని ఒళ్లంతా బిగబట్టుకున్నాడు. మూసుకోలేదు. పాట ఆగకుండా సాగింది. ట్రంపెట్టు మాట పూర్తి చేసింది, ట్రాంబోను దాన్ని వెటకారం చేసింది, క్లారినెట్టు మిద్దె దిగి వచ్చి వీధిలో పడి గంతులేసింది. తను ఇన్నాళ్లూ వినని మిగతా మాటంతా, పెళ్లివారి సామానులా, ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంది. ఏడవడానికి అనుమతి ఉన్న మనిషిగా ఆ రోడ్డు మీద అతనికి అదే మొదటిసారి. ఏడ్చాడు. నూమా కోసం ఏడ్చాడు, ఓలా మే కోసం మరీ ఏడ్చాడు. ఏడుస్తుండగానే ఎడమ కాలు లేచింది. దాన్ని చూసి కుడిదీ లేచింది.

"చేతిలో ఏదైనా ఊపు బంగారం, కరెంటు స్తంభంలా నిలబడకు!" అని ఒనెల్ల డ్రమ్ము లోంచి తీసిన చేతిరుమాలు అతని మీదికి విసిరింది.

అతను దాన్ని పట్టుకుని తల మీద తిప్పాడు. తాళం తప్పింది. మళ్లీ తప్పింది. పెద్ద డ్రమ్ము ఆయన, "నా పిక్కల మీద పడకు, వెనకే ఉండు!" అని అరిచాడు. బార్బరు షాపు ముందు కుర్చీలో కూర్చున్న క్లోటిల్డ్ అతన్ని చూసి చేతులు చాపి కేక వేసింది.

"ఇప్పుడు దిగావయ్యా దిగాల్సిన రోజున!"

హోసియా ఆవిడ చెయ్యి పట్టుకుని కుర్చీలోంచి లేపాడు. ఇద్దరూ వంతెన కింది నుంచి, జనంతో పాటు, నూమా ఇంటి వైపు నడిచారు. పొయ్యి వెలిగించాల్సింది ఇక తనే అని అతనికి దారిలో గుర్తొచ్చింది. ఎర్ర బీన్సు పొద్దునే నానేసి ఉంచాడు.